కృష్ణస్వామి చూసిన క్రిమి

(స్మారక ఉపన్యాస పాఠం)

1911లో రంగూన్ జనరల్ ఆస్పత్రి శవపరీక్ష గదిలో ఇద్దరు మనుషులు ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయారు. ఒకరు అక్కడ రోగనిర్ధారణ చూసే వైద్యుడు ఆల్ఫ్రెడ్ విట్‌మోర్. రెండోవారు ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి. బల్ల మీదికి వస్తున్నవి ఊళ్లో దిక్కూమొక్కూ లేని జనం శవాలు. మార్ఫియా సూదికి అలవాటుపడి ఎముకల గూడైపోయినవాళ్లు వాళ్లలో చాలామంది. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో జున్నులా గట్టిపడిన ముద్దలు. కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు. చూడగానే గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బు గుర్తొస్తుంది. కానీ చనిపోయినవాళ్లకు గుర్రాలతో సంబంధం కనబడదు. చీములోంచి తీసిన క్రిమి కూడా గ్లాండర్స్ క్రిమి కాదు. అది కదలదు. ఇది సూక్ష్మదర్శిని కింద ఈదుతోంది, పోషకాల జెల్లీ మీద వేస్తే వడివడిగా పెరుగుతోంది.

1912లో ఇద్దరూ కలిసి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు: రంగూన్ జనంలో ఇంతవరకు ఎవరూ వర్ణించని అంటుజబ్బు ఒకటి ఉందని. మరుసటి ఏడు విట్‌మోర్ 38 మంది రోగుల వివరాలతో ఇంకో వ్యాసం ప్రచురించాడు. 1921లో మలయాలో పనిచేస్తున్న స్టాంటన్, ఫ్లెచర్ దానికి మెలియాయిడోసిస్ అని పేరు పెట్టారు. అయినా చాలాకాలం దాన్ని విట్‌మోర్ జబ్బు అనే పిలిచారు. కృష్ణస్వామి పేరు ఆ పిలుపులో లేదు. మొదటి వ్యాసం మీద రెండు పేర్లు ఉన్నాయి గనక రెండూ తలుచుకోవడమే న్యాయం. రంగూన్ గురించి, మందులకు లొంగని క్రిముల గురించి మాట్లాడే ఉపన్యాసం ఆయన పేరుతో మొదలవడం అంతకంటే న్యాయం.

ఈ సందర్భంలో తలుచుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక క్రిమిని ఈ రంగూన్‌లో గుర్తించారు. క్రిములను చంపే మందుల్లో ఒక గొప్ప మందు ఆయన నడిపిన పరిశోధనశాలలో తయారైంది. నూరేళ్ల తర్వాత ఆ మందుల బలం తగ్గిపోతుంటే, వాటికంటే ముందు పుట్టి మూలన పడిన ఇంకో వైద్యాన్ని ప్రపంచం మళ్లీ వెతుక్కుంటోంది. ఆ వైద్యం పేరు బాక్టీరియోఫాజ్, పొట్టిగా ఫాజ్. బాక్టీరియాను తినేది అని ఆ మాటకు అర్థం.

రంగూన్‌లో, అంటే ఇప్పటి యాంగోన్‌లో, ఈ అహ్లోన్ పేటకు పడమట నది. ఒకప్పుడు ఈ గట్టున బియ్యం మిల్లులు, కలప మిల్లులు. మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసిన భుజాల్లో తెలుగు భుజాలు లెక్కలేనన్ని. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ల వల్ల బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. ఉత్తరాంధ్ర ఊళ్లలో ‘రంగం వెళ్లాడు’ అంటే బతుకుతెరువుకు సముద్రం దాటాడని అర్థం. 20వ శతాబ్దం మొదట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతదేశం నుంచి వచ్చినవాళ్లే. విట్‌మోర్, కృష్ణస్వామి చూసిన క్రిమి ఉండేది ఎక్కడో తర్వాత తేలింది: వరిమడి మట్టిలో, నిలవనీటిలో. ఒట్టికాళ్లతో బురద తొక్కేవాళ్లకు పగిలిన మడమలోంచో, గీరుకున్న పిక్కలోంచో లోపలికి పోతుంది. వానగాలికి లేచిన తుంపరతో ఊపిరిలోకి పోతుంది. మధుమేహం ఉన్నవాళ్లను మరీ పట్టుకుంటుంది. తెలుగు రైతుకు ఆ మట్టీ ఉంది, ఇప్పుడు ఆ మధుమేహమూ ఉంది. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరస మరణాలు జరిగి, మెలియాయిడోసిస్ కావచ్చన్న అనుమానం వచ్చినప్పుడు ఈ నోరు తిరగని పేరు తెలుగు పత్రికల మొదటి పేజీకెక్కింది. అది రంగూన్‌లో మొదట కనబడ్డ జబ్బని అప్పుడు గుర్తుచేసుకున్నవాళ్లు తక్కువ.

ఈ క్రిమి మందులకు పుట్టుకతోనే మొండి. పెన్సిలిన్‌కు లొంగదు, ఆంపిసిలిన్‌కు లొంగదు, సాధారణంగా జెంటామైసిన్‌కూ లొంగదు. కనీసం 10 నుంచి 14 రోజులు సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ నరంలోకి ఎక్కించాలి. ఆ తర్వాత మూడు నెలలో అంతకంటే ఎక్కువో కోట్రైమాక్సజోల్ మాత్రలు మింగాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. 2016లో వెలువడిన అంచనా ప్రకారం ఏడాదికి ప్రపంచంలో 1,65,000 మందికి ఈ జబ్బు వస్తుంది, 89,000 మంది చనిపోతారు. ఇందులో ఎక్కువ భాగం దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే.

మెలియాయిడోసిస్ క్రిమి పుట్టు మొండిది. మిగతా క్రిములకు మొండితనం మనుషులే నేర్పారు.

సుబ్బారావు కథ ఇక్కడికి వస్తుంది. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకుని వైద్యం చదివిన మనిషి ఆయన. బోస్టన్ చేరి, తర్వాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి అయ్యాడు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డుగ్గర్ ఒక నేల శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు పోయాడు. ఆ మందూ మట్టిలోంచి వచ్చిందేనని మర్చిపోకూడదు. మట్టిలో క్రిమి ఉంది, క్రిమిని చంపే రసాయనం ఉంది, క్రిమిని తినే ఫాజూ ఉంది.

ఆ తరం మందులు కోట్ల ప్రాణాలు నిలబెట్టాయి. తర్వాత వాటిని వాడిన తీరు వేరు. జలుబుకు, ఒళ్లునొప్పులకు, కోళ్ల దాణాకు, చేపల చెరువుకు వాడారు. చీటీ లేకుండా నాలుగు మాత్రలు కొనుక్కుని, రెండు మింగి, తగ్గిందని రెండు దాచుకున్నారు. తయారీలోనూ తప్పు జరిగింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిం లార్సన్ బృందం హైదరాబాదు శివారు పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదిలే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్కరోజులో ఆ నీటితో బయటికి పోయిన మందు స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత. శుద్ధి అయిన తర్వాతి నీటి సంగతి ఇది. ప్రపంచానికి చవకగా మందులు చేసి పంపుతున్నామని గర్వపడే తెలుగు నేల ఈ లెక్కను కూడా తన ఖాతాలోనే రాసుకోవాలి. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిమి ఆస్పత్రికి చేరితే వైద్యుడి చేతిలో ఏం మిగులుతుంది?

2019లో మందులకు లొంగని బాక్టీరియా వల్లే నేరుగా పోయిన ప్రాణాలు ప్రపంచంలో 12 లక్షల 70 వేలని 2022లో లాన్సెట్ పత్రిక లెక్క కట్టింది.

ఇక ఫాజు కథ. అది మొదలైంది కూడా మనకు తెలిసిన నీళ్లలోనే. 1896లో ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడు ఎర్నెస్ట్ హాంకిన్ గంగ, యమున నీళ్లలో కలరా క్రిములను వేసి చూశాడు. కొద్ది గంటల్లో చచ్చిపోయాయి. అవే నీళ్లు మరగబెట్టి చల్లార్చి వేస్తే చావలేదు. నీటిలో ఏదో ఉందని, మరగబెడితే అది పోతుందని ఆయనకు అర్థమైంది. అదేమిటో అర్థం కాలేదు. దీన్ని గంగ మహిమకు సాక్ష్యంగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ బాక్టీరియా ఉన్న చోటల్లా దాన్ని తినే ఫాజులు ఉంటాయి. గోదావరిలో ఉంటాయి, ఇరావతిలో ఉంటాయి, ఆస్పత్రి వెనక మురికికాలవలో ఇంకా దండిగా ఉంటాయి.

1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ ఎవరికి వారు దాన్ని కనిపెట్టారు. జిగట విరేచనాల క్రిమి దట్టంగా పెరిగిన పళ్లెంలో అక్కడక్కడా తేటపడిన చుక్కలు డెరెల్‌కు కనబడ్డాయి. ఒక్కో చుక్క ఒక్కో ఫాజు మొదలుపెట్టిన ఊచకోత. బాక్టీరియోఫాజ్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. కంటికి కనబడని దాన్ని దాని పనిని బట్టి నమ్మాడు.

1927లో డెరెల్ భారతదేశం వచ్చాడు. పంజాబు పల్లెల్లో కలరా రోగులకు ఫాజు ద్రవం తాగించాడు, బావుల్లో పోయించాడు. ఆయన బృందం లెక్క ప్రకారం ఫాజు పుచ్చుకున్న రోగుల్లో నూటికి ఏడుగురు లోపు చనిపోయారు. పుచ్చుకోనివాళ్లలో 60 మందికి పైగా. ఆ సంఖ్యలు వింటే ఎవరి ప్రాణమైనా లేచొస్తుంది. కానీ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి మానాలి అన్నది చీట్లు వేసి తేల్చిన పరీక్ష కాదది. తాగడానికి ఒప్పుకున్నవాళ్లు ఒకవైపు, ఒప్పుకోనివాళ్లు ఒకవైపు. అంతకంటే జాగ్రత్తగా చేసిన పని అస్సాంలో జరిగింది. షిల్లాంగ్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జె. మోరిసన్ నౌగాంగ్ ప్రాంతంలో గ్రామపెద్దల చేతికే ఫాజు సీసాలు ఇచ్చి పెట్టాడు. కలరా మొదటి మనిషిని తాకగానే ఊరందరికీ పంచాలని ఏర్పాటు. పోల్చి చూసేందుకు హబీగంజ్ ప్రాంతాన్ని ఫాజు లేకుండా వదిలాడు. సూది గుచ్చే పని లేదు గనక జనం బెదరలేదు. నౌగాంగ్‌లో కలరా తగ్గుముఖం పట్టింది. తర్వాత హబీగంజ్ వాళ్లూ మాకూ కావాలన్నారు. పట్నాలో ఇగోర్ అషెషోవ్ అదే కాలంలో కలరా ఫాజుల్లో రకాలను విడదీసి, అన్నీ ఒక్కటి కావని చూపించాడు.

1930ల నాటికి ఈ వైద్యం మీద నమ్మకం సడలింది. 1934లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సుదీర్ఘ సమీక్ష ఫాజు మందుల ఫలితాలు చాలావరకు రుజువు కాలేదని తేల్చింది. ఆ మాట అన్యాయమేమీ కాదు. అప్పటి సీసాల్లో కొన్నింటిలో బతికున్న ఫాజే లేదు. కొన్నింటిలో రోగికి పట్టిన క్రిమికి సంబంధంలేని ఫాజు ఉంది. ఫాజు తాళంచెవి లాంటిది. క్లెబ్సియెల్లా అనే క్రిమిని తినే ఫాజు సూడోమోనాస్ అనే క్రిమిని తాకదు. క్లెబ్సియెల్లాలోనే ఒక రకాన్ని చంపేది ఇంకో రకం పక్కనుంచి పోతుంది. ఇంత సూక్ష్మమైన సరిపోలిక చూడకుండా ఒకే సీసా అందరికీ పోస్తే ఎలా పనిచేస్తుంది? ఇంతలో సల్ఫా మాత్రలు, పెన్సిలిన్, సుబ్బారావు పర్యవేక్షణలోని ఆరియోమైసిన్ వచ్చాయి. క్రిమి ఏ రకమో తేల్చే తీరిక లేని వైద్యుడికి అవే దేవుళ్లయ్యాయి. ఫాజు వైద్యం జార్జియాలోని త్బిలిసిలో, పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో, అలాంటి కొన్ని చోట్ల మాత్రం మిగిలింది. త్బిలిసి సంస్థను నిలబెట్టిన గియోర్గి ఎలియావాను 1937లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. సంస్థ మాత్రం బతికి, ఈనాటికీ పనిచేస్తోంది.

ఫాజు పనితనం చెప్పుకోకుండా ముందుకు పోవడం కుదరదు. మామూలుగా ఫాజు తల, తోక, తోక చివర సన్నటి కాళ్లు ఉన్న పెట్టెలా ఉంటుంది. బాక్టీరియా ఒంటి మీద తనకు సరిపడే గుర్తు దొరికితే కాళ్లు ఆనించి, తోక గుచ్చి, తన జన్యుసరుకు లోపలికి దించుతుంది. ఆ క్షణం నుంచి బాక్టీరియా తన పని మానేసి ఫాజు పిల్లలను తయారుచేసే కొలిమి అవుతుంది. చాలా ఫాజులకు ఈ పని అరగంటలోపే అయిపోతుంది. బాక్టీరియా పగిలి, వంద చిల్లర కొత్త ఫాజులు బయటపడతాయి. బాక్టీరియా ఉన్నంతసేపు అవి పెరుగుతాయి, అది అయిపోతే తగ్గిపోతాయి. మోతాదు తనంతట తాను పెంచుకునే మందు వైద్యచరిత్రలో ఇంకొకటి చెప్పడం కష్టం. మనిషి కణాల మీద ఆ గుర్తులు ఉండవు గనక వాటి జోలికి పోదు.

కానీ ఫాజుల్లో రెండు స్వభావాలున్నాయి. ఒక జాతి వెంటనే చంపుతుంది. ఇంకో జాతి బాక్టీరియా జన్యువుల్లో దూరి నిద్రపోతుంది. ఆ నిద్రపోయేది కొన్నిసార్లు బాక్టీరియాకు కొత్త ఆయుధం కూడా ఇస్తుంది. కలరా విషం తయారుచేసే జన్యువు నిజానికి ఒక ఫాజుదని 1996లో వాల్డర్, మెకలానస్ చూపించారు. అంటే కలరాను మనిషికి ప్రాణాంతకం చేసిందీ ఫాజే, ఆ క్రిమిని చంపేదీ ఫాజే. కాబట్టి వైద్యానికి తీసుకునే ఫాజును జన్యువు జన్యువూ చదివి, నిద్రపోయే రకం కాదని నిర్ధారించుకోవాలి.

మెలియాయిడోసిస్ దగ్గర ఇదే పెద్ద చిక్కు. దాని ఫాజుల్లో చాలావరకు నిద్రపోయే రకమే. థాయ్‌లాండ్ వరిమళ్లలో ఖోన్ కేన్ పరిశోధకులు 2011లో ఆ క్రిమిని చంపే ఫాజులను వేరుచేసి చూపించారు. 2014లో వెలువడిన ఇంకో పని మరీ ఆశ్చర్యకరం. కొన్ని ఫాజులు 25 డిగ్రీల చల్లటి మట్టిలో క్రిమిలో దూరి నిద్రపోతాయి, 37 డిగ్రీల దగ్గర, అంటే మనిషి ఒంటి వేడి దగ్గర, లేచి దాన్ని చంపుతాయి. ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో ఒక ఫాజు మూడో వంతు ఎలుకలను మాత్రమే కాపాడింది. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, అక్కడికి ఫాజు చేరడం కష్టం. రంగూన్‌లో దొరికిన ఈ క్రిమికి ఫాజు మందు రేపే వస్తుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. ముందు ఆ క్రిమిని సురక్షితంగా పెంచగల కట్టుదిట్టమైన ప్రయోగశాల కావాలి. ఆ క్రిమి కలిసిన గాలి పీల్చినా ప్రమాదమే.

మిగతా మొండి క్రిముల దగ్గర మాత్రం ఫలితాలు కళ్లకు కనబడుతున్నాయి. 2015 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టామ్ పాటర్సన్ ఈజిప్టు యాత్రలో జబ్బుపడ్డాడు. కడుపులో గడ్డ, అందులో ఏ మందుకూ లొంగని అసినెటోబాక్టర్. కోమాలోకి జారాడు. భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ అంటువ్యాధుల శాస్త్రవేత్త. ప్రపంచంలో ఫాజు పరిశోధకులకు ఒక్కొక్కరికీ రాసింది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ ప్రయోగశాల ఒకటి స్పందించింది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో భారతీయ మూలాలున్న బిశ్వజిత్ బిశ్వాస్ బృందం స్పందించింది. 2016 మార్చిలో ఫాజులు మొదట గొట్టాల ద్వారా కడుపులోకి, తర్వాత నరంలోకి ఎక్కించారు. కొద్ది రోజుల్లో కళ్లు తెరిచాడు. మధ్యలో క్రిమి మొదటి ఫాజులకు ఎదురు తిరిగింది. మురుగునీటి నుంచి కొత్త ఫాజు వెతికి తెచ్చి మళ్లీ ఇచ్చారు. ఆగస్టులో ఇంటికి వెళ్లాడు. ఈ కథలో అద్భుతం కంటే శ్రమ ఎక్కువ. క్రిమి తాళం మార్చినప్పుడల్లా తాళంచెవి మార్చడానికి మనుషులు రాత్రింబవళ్లు కూర్చున్నారు.

అదే ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ టర్నర్, బెంజమిన్ చాన్ ఇంకో యుక్తి చూపించారు. కనెక్టికట్‌లోని ఒక చెరువులో దొరికిన వాళ్ల ఫాజు సూడోమోనాస్‌ను పట్టుకునే చోటే, ఆ క్రిమి యాంటీబయాటిక్‌ను బయటికి తోడేసే పంపు ఉంది. ఫాజు నుంచి తప్పించుకోవాలంటే క్రిమి ఆ పంపును మార్చుకోవాలి. మార్చుకుంటే పాత మందుకు లొంగిపోతుంది. గుండె దగ్గర పెద్ద రక్తనాళానికి వేసిన కృత్రిమ గొట్టంలో సూడోమోనాస్ పట్టి ఏళ్ల తరబడి బాధపడిన ఒక వృద్ధ వైద్యుడికి దాన్ని ఇచ్చారు. ఆయన కోలుకున్నాడు. ఫాజునూ యాంటీబయాటిక్‌నూ శత్రువులుగా చూడకూడదనడానికి ఇంతకంటే చక్కటి సాక్ష్యం దొరకదు. బెల్జియం సైనిక ఆస్పత్రి సాయంతో 12 దేశాల్లో వైద్యం పొందిన 100 మంది రోగుల లెక్కలు 2024లో వచ్చాయి. 77 శాతం మందికి గుణం కనిపించింది, 61 శాతం మందిలో క్రిమి పూర్తిగా పోయింది. యాంటీబయాటిక్ తోడు లేకుండా ఫాజు ఒక్కటే ఇచ్చినచోట క్రిమి పూర్తిగా పోయే అవకాశం బాగా తగ్గింది.

ఓటములు కూడా ఇదే సభలో చెప్పుకోవాలి. ఢాకాలో విరేచనాల పిల్లలను, మొత్తం 120 మందిని, తీసుకుని కొందరికి ఈ.కోలై ఫాజులు ఇచ్చి చూసిన పరీక్ష 2016లో వెలువడింది. హాని జరగలేదు, లాభమూ జరగలేదు. చాలామంది పేగుల్లో ఫాజు పెరగడానికి సరిపడా ఆ క్రిమే లేదు. యూరపులో కాలిన పుండ్ల మీద జరిగిన ఫాగోబర్న్ పరీక్షలో సీసాలో ఫాజు నిలవ ఉండగానే చచ్చి, అనుకున్న మోతాదులో ఎన్నో వేలల్లో ఒక వంతు మాత్రమే రోగికి చేరింది. 1930ల నాటి సీసాలతో జరిగిన పొరపాట్లే ఇవి: క్రిమిని సరిచూడకపోవడం, సీసాలో ఫాజు బతికుందో లేదో కొలవకపోవడం. వారణాసిలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గోపాల్ నాథ్ బృందం మానని పుండ్లున్న 20 మంది రోగుల మీద చేసిన పని చిన్నది. అయినా ప్రతి రోగి క్రిమినీ ఫాజుతో సరిచూసి మరీ ఇచ్చారు. నేర్చుకోవలసింది ఆ పద్ధతి.

2018లో లండన్‌లో ఒక 15 ఏళ్ల అమ్మాయి సంగతి కూడా చెప్పుకోవాలి. ఊపిరితిత్తులు రెండూ మార్చిన తర్వాత ఆమె ఒళ్లంతా క్షయ క్రిమి జాతికి చెందిన మైకోబాక్టీరియం అబ్‌సెసస్ పాకింది. ఏ మందూ పనిచేయలేదు. అమెరికాలో గ్రాహం హాట్‌ఫుల్ ప్రయోగశాలలో వేల ఫాజులు దాచి ఉన్నాయి. వాటిలో ఆమె క్రిమికి సరిపోయినవి మూడు. రెండింటి జన్యువులు కొంత సవరించాల్సి వచ్చింది. మూడోదాని పేరు మడ్డీ, సవరణ అవసరం లేకుండా పనిచేసింది. అది 2010లో డర్బన్‌లో కుళ్లిన ఒక వంకాయ నుంచి దొరికింది. చెరకు తోటల పనికి వలస వెళ్లిన తెలుగువాళ్ల మనుమలు ఇప్పటికీ ఉన్న ఊరది. ఆ అమ్మాయి పరిస్థితి మెరుగైంది. అదే ఆస్పత్రిలో అదే క్రిమితో ఉన్న ఇంకో రోగికి సరిపోయే ఫాజు సిద్ధమయ్యేలోపే ప్రాణం పోయింది. వంకాయ నుంచి ఫాజు తీసిన రోజున ఏ రోగీ ఎవరి మనసులోనూ లేదు. ఎనిమిదేళ్లు అది ఫ్రీజర్‌లో కూర్చుంది.

అలాంటి అదృష్టం అరుదు; మామూలుగా ఎక్కడి ఆస్పత్రి క్రిములకు అక్కడి ఫాజులనే ముందు వెతకాలి. ఢాకా వార్డులో తిరిగే క్లెబ్సియెల్లా, యాంగోన్ వార్డులో తిరిగే క్లెబ్సియెల్లా, విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలో తిరిగేది ఒకటే అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఫాజు వైద్యం మొదలవాల్సింది మందుల కర్మాగారంలో కాదు. ఆస్పత్రి ప్రయోగశాల పక్కన ఒక చిన్న గదిలో మొదలవాలి. ఆ పని విధానం కష్టమైనదేమీ కాదు. కాలవ నీరు ఒక సీసా పట్టాలి. బాక్టీరియా పట్టుబడిపోయేంత సన్నటి వడపోతలోంచి దాన్ని దించాలి. రోగి నుంచి తీసిన క్రిమితో కలిపి, మెత్తటి జెల్లీ మీద పరిచి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. తెల్లారేసరికి పళ్లెం మీద తేటచుక్కలు కనబడితే అక్కడ ఫాజు ఉంది. ఆ చుక్కను గుచ్చి తీసి, మళ్లీ మళ్లీ పెంచి, విడదీసి, జన్యువు చదివి, ఏ క్రిములను చంపుతుందో పట్టిక రాసి, 4 డిగ్రీల దగ్గర దాచాలి. ప్రతి ఆరు నెలలకు ఒకసారి బతికుందో లేదో లెక్కపెట్టాలి. రోగికి ఇచ్చే దశ వచ్చాక పని కష్టమవుతుంది. పగిలిన బాక్టీరియా విషాలను పూర్తిగా తీసేయాలి, ప్రభుత్వ అనుమతి కావాలి, ప్రతి రోగి ఫలితమూ మంచైనా చెడైనా ప్రచురించాలి. అమెరికాలో కూడా ఫాజు మందు ఇంకా మామూలు అమ్మకానికి రాలేదు, ప్రాణం మీదకొచ్చిన రోగికి ప్రత్యేక అనుమతి మీదే ఇస్తున్నారు. ఆ దశకు తొందరపడకుండా సేకరణ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ యాంగోన్‌లో ఆ సేకరణ మొదలుపెడితే, మెలియాయిడోసిస్ క్రిమి జోలికి మొదటే పోవద్దు. మొదట క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్. ఐసీయూల్లో, కాలిన పుండ్ల వార్డుల్లో ఎక్కువగా కనబడేవి ఇవే. అహ్లోన్ కాలవలు, నది గట్టు, ఆస్పత్రుల మురుగు, వరిమళ్ల నీరు, ఒక్కోచోట నెలకొక సీసా. సీసా మీద తేదీ, చోటు, వాన పడిందో లేదో రాయాలి. యాంగోన్‌లో వానలు మే చివర మొదలవుతాయి, మట్టి క్రిములు మనుషులను ఎక్కువగా పట్టేదీ అప్పటినుంచే. వానకు ముందు నీరెలా ఉందో తెలియాలంటే మొదటి సీసాలు మార్చిలోనే నింపాలి.